టీకాల మీద సోషల్ మీడియాలో జనం అభిప్రాయం నిజంగానే మారిపోయిందా? మీ అనుభవంలో ఏం గమనించారు?

మారింది. కాకపోతే పోస్టుల్లో కనిపించినంతగా మారలేదని నా నమ్మకం. ప్రపంచం మొత్తం మీద డీటీపీ టీకా (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు రాకుండా వేసేది) మూడు డోసులూ అందిన పిల్లలు 2019లో 86 శాతం, 2021లో 81 శాతం, 2023లో 84 శాతం. 2021లో తగ్గడానికి కూడా కోవిడ్ కాలంలో ఆరోగ్య సేవలు కుంటుపడటం పెద్ద కారణం. ఫోన్ తెరిస్తే కనబడే కోపాన్ని బట్టి లెక్క వేస్తే సగం మంది మానేసి ఉండాలి.

ఇక మా ఇంటి సంగతి. 2021లో కోవిడ్ టీకా వేయించుకున్న రోజు మా పెద్దమ్మ కూతురు భుజం మీద దూది అదుముకుని దిగిన ఫొటో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అప్పట్లో ఎవరిని చూసినా అవే ఫొటోలు. మూడేళ్లు తిరిగేసరికి అదే అక్క, అదే గ్రూపులో, "కంపెనీయే ఒప్పుకుందట, మనల్ని మోసం చేశారు" అంటూ ఒక వీడియో పెట్టింది.

2024 ఏప్రిల్ చివర్లో ఆస్ట్రాజెనెకా మీద వచ్చిన వార్త అది. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వేసిన కోవిడ్ టీకా ఆ కంపెనీదే. చాలా అరుదుగా రక్తం గడ్డకట్టి, ప్లేట్‌లెట్లు పడిపోయే సమస్య రావచ్చని బ్రిటన్ కోర్టుకిచ్చిన పత్రాల్లో కంపెనీ ఒప్పుకుంది. వార్త నిజమే, విషయం మాత్రం పాతది. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే దీన్ని అతి అరుదైన దుష్ప్రభావంగా ప్రకటించింది. కొన్ని దేశాలు చిన్న వయసువాళ్లకు ఆ టీకా ఆపేశాయి కూడా. వినకపోవడం జనం తప్పని నేననను. సూది వేసేటప్పుడు ఆ ముక్క సూటిగా చెప్పినవాళ్లు ఎందరు?

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. అక్క రెండో పాపకి తట్టు (మీజిల్స్) టీకా వేయించాల్సిన సమయం వచ్చింది, తను వాయిదా వేసింది. కోవిడ్ టీకా మీది అనుమానం, 1963 నుంచీ వాడుకలో ఉన్న టీకా మీదికి పాకింది. నాకు భయమేసింది. రక్షణ లేనివాళ్ల మధ్య తట్టు ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. 95 శాతం మందికి రెండు డోసులు పడితేగాని దాని వ్యాప్తి ఆగదు.

ఆ భయంలో అందరి ముందూ లింకులు కుమ్మరించాను. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎమ్మెమ్మార్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన బ్రిటన్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998 నాటి వ్యాసాన్ని 2010లో దాన్ని అచ్చేసిన వైద్య పత్రికే ఉపసంహరించుకుందని, డెన్మార్క్‌లో 6.5 లక్షలకు పైగా పిల్లల్ని గమనించి 2019లో వెలువరించిన అధ్యయనంలో ఆ సంబంధమే కనబడలేదని రాశాను. అక్క ఒక్క మాటా అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయింది. తర్వాత తట్టింది నాకు, ఆటిజం మాట అక్క ఎప్పుడూ ఎత్తనే లేదని.

వారం ఆగి ఫోన్ చేశాను. "అసలు నీ భయమేంటక్కా?" అని అడిగాను. "పోయినసారి సూదికి రాత్రంతా పాప ఒళ్లు కాలిపోయిందిరా. జ్వరం వస్తుందని ముందు ఒక్కరూ చెప్పలేదు. ఇంకా ఏమేం చెప్పలేదో అనిపించింది" అంది. అంతే. నేను పంపిన లింకుల్లో దీనికి జవాబు ఒక్కదాంట్లోనూ లేదు.

ఇద్దరం కలిసి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. తట్టు టీకాకి జ్వరం వస్తే చాలావరకు అదే రోజు రాదని, వారం నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుందని, కొందరికి ఒంటి మీద పలచగా దద్దుర్లు కూడా లేస్తాయని, ఎప్పుడు తన దగ్గరికి పరిగెత్తుకు రావాలో కూడా ఆమె ఓపిగ్గా చెప్పారు. అక్క ఆ రోజే వేయించింది.

ఎనిమిదో రోజు పాప ఒళ్లు వెచ్చబడింది. అక్కే ఫోన్ చేసి, "డాక్టరమ్మ చెప్పిన జ్వరమేరా, కంగారేం లేదు" అంది. ఈ మాట తను ఎక్కడా పోస్టు చేయలేదు. ఆ వీడియో మాత్రం గ్రూపులో ఇప్పటికీ అలాగే ఉంది.