ప్రత్యేక ప్రదర్శనల క్యూరేటర్ పని ఏమిటి? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మ్యూజియంలో ఎప్పటినుంచో ఉన్న వస్తువులనే మరో హాలులోకి మార్చి మూడు నెలలపాటు ‘ప్రత్యేక ప్రదర్శన’ అని చూపిస్తారు. దీనికోసం ప్రత్యేకంగా ఒక క్యూరేటర్ ఎందుకు? ఆయన చేసే పని ఏమిటి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీ జిల్లాలోని ఫణిగిరినే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. ఆ కొండమీద తవ్వకాల్లో బయటపడిన బౌద్ధ తోరణ శిల్పాలు 2023 జూలైలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రారంభమైన ‘ట్రీ అండ్ సర్పెంట్’ అనే ప్రత్యేక ప్రదర్శనలో చోటు చేసుకున్నాయి. క్యూరేటర్ జాన్ గై రూపొందించిన ఆ ప్రదర్శన క్రీస్తుపూర్వం 200 నుంచి క్రీస్తుశకం 400 వరకు మన దేశపు తొలినాటి బౌద్ధ కళను 125కు పైగా వస్తువులతో చూపించి, ఆ తరువాత సియోల్‌కు కూడా వెళ్లింది. తొలినాటి బౌద్ధ శిల్పం అనగానే సాంచి, గాంధార పేర్లే ముందుగా వినిపిస్తాయి. అలాంటిది దక్కన్, కృష్ణాతీర శిల్పాలకు అక్కడ పెద్దపీట వేశారంటే అది ఒక క్యూరేటర్ ఆలోచించి తీసుకున్న నిర్ణయమే.

శాశ్వత గ్యాలరీలో వస్తువులను రాజవంశాలవారీగానో, రాయి, లోహం, వస్త్రం అన్న వరసలోనో అమర్చుతారు. ప్రత్యేక ప్రదర్శన మాత్రం ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల వస్తువులు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉన్నాయో వెతకడం, వాటి యజమానులను అరువు ఇమ్మని అడగడం, వచ్చినవాటిలో ఏవి ఉంచాలో, ఏవి పక్కన పెట్టాలో తేల్చుకోవడం క్యూరేటర్ బాధ్యత. పక్కన పెట్టడమే అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం. ఎంత అందమైన వస్తువైనా, ఎంత పెద్ద మ్యూజియం ఇస్తానన్నా, అడిగిన ప్రశ్నకు సంబంధం లేకపోతే దాన్ని వద్దనుకోగలగాలి.

ఒక్క రాయి దగ్గర ఆగి చూస్తే ఈ పని స్వభావం తెలుస్తుంది. అమరావతి స్తూపానికి చెందిన ఒక సున్నపురాతి ఫలకం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో దాని ఒక ముఖంపై, బుద్ధుడికి గుర్తులుగా నిలిచిన బోధివృక్షాన్ని, ఖాళీ ఆసనాన్ని కొలుస్తున్న భక్తులను చెక్కారు. దాదాపు మూడు శతాబ్దాల తరువాత అదే రాతిని తిప్పి, రెండో ముఖంపై అలంకారాలతో నిండిన స్తూపాన్ని చెక్కారు. అసలు స్తూపం చాలావరకు నాశనమైపోయింది కనుక, అది ఎలా ఉండేదో మనం ఊహించుకోవడానికి ఇలాంటి చెక్కడాలే ఆధారం. ఇంతటి ఫలకాన్ని గోడకు ఆనించి నిలబెడితే ఒక యుగం గోడవైపుకు తిరిగిపోతుంది. హాలు మధ్యలో, చుట్టూ తిరిగి చూసే వీలుతో నిలబెడితే, మతం మారకుండానే దాని కళ ఎంత మారిందో చూసేవారికి ఒక్క మాట చెప్పకుండానే అర్థమవుతుంది. కాని అలా నిలబెట్టాలంటే నేల ఆ బరువును మోయగలదా, భూమి కంపిస్తే రాయి ఒరగకుండా పట్టు ఎక్కడ ఇవ్వాలి, ఆ పట్టు చెక్కడాన్ని కప్పేయదు కదా అన్నవన్నీ ఇంజనీరుతోనూ సంరక్షణ నిపుణులతోనూ కూర్చుని తేల్చుకోవాలి.

ఇక కాగితాల పని గురించి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువులను దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు మాత్రమే ఉంది. అందువల్ల ఒక శిల్పం విదేశీ ప్రదర్శనకు వెళ్లాలంటే అనుమతులు, బీమా, పూచీలు అన్నీ ముందే కుదరాలి. పెట్టెలో పెట్టేముందు ప్రతి పగులునూ, రాలిన ప్రతి అంచునూ ఫొటో తీసి స్థితి నివేదికలో రాస్తారు. అవతలి మ్యూజియం చేరాక పెట్టెను వెంటనే తెరవకుండా, లోపలి వస్తువు ఆ గదిలోని వేడికి, తేమకు అలవాటు పడేందుకు సాధారణంగా ఒక రోజైనా ఆగుతారు. తెరిచాక అదే నివేదికను చేతిలో పట్టుకుని, ఒక్కొక్క పగులునూ మళ్లీ సరిచూస్తారు. పెద్ద ప్రదర్శనకు కొన్ని సంవత్సరాల సన్నాహం అవసరమయ్యేది ఇందుకే.

ప్రశ్న: పాత కలంకారీ వస్త్రాల ప్రదర్శనకు మా అమ్మగారిని తీసుకెళ్లాను. హాలంతా మసక వెలుతురు కావడంతో ఆవిడ ఒక్క లేబుల్ కూడా చదవలేకపోయారు. వెలుగు పెంచితే వచ్చే నష్టమేమిటి?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: నష్టం చాలా ఉంది, అదీ తిరిగి పూడ్చలేని నష్టం. మీ ఊరి రేవు నుంచి ఒకప్పుడు ఐరోపాకు ఓడలెక్కిన అద్దకపు బట్టలను గమనించండి. చిరివేరుతో వచ్చిన ఎరుపు, నీలిమందుతో వచ్చిన నీలం నేటికీ నిలిచి ఉంటాయి. ఆకులు మాత్రం చాలా బట్టల్లో నీలంగా కనిపిస్తాయి. అవి మొదట ఆకుపచ్చవే. నీలం మీద పూసిన పసుపు రంగు వెలుతురుకు ఎగిరిపోవడంతో అడుగున నీలం ఒక్కటే మిగిలింది. వస్త్రాలకు, కాగితం మీది చిత్రాలకు సాధారణంగా 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు మించనివ్వరు. వెలుతురు చేసే హాని రోజురోజుకూ జమ అవుతూ పోతుంది. రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులు 50 లక్స్ వెలుతురులో ఉంచితే ఆ బట్టకు 36,000 లక్స్ గంటల వెలుతురు తగిలినట్టు. 200 లక్స్ పెడితే అంత వెలుతురూ 23 రోజుల్లోపే తగులుతుంది. ప్రదర్శన ముగిశాక ఆ వస్త్రాన్ని కొన్నేళ్లపాటు చీకటి గదిలో భద్రపరచడం కూడా ఈ లెక్క వల్లనే.

అయితే మీ అమ్మగారికి కలిగిన ఇబ్బందికి ఈ లెక్క సమాధానం కాదు. బట్ట మీద పడే వెలుతురు తగ్గించాలి కాని, లేబుల్ చదివేవారికి వెలుతురు లేకుండా చేయాలన్న నియమం ఎక్కడా లేదు. అక్షరాలు పెద్దవిగా, లేత రంగు మీద నల్లగా ముద్రించి, వస్త్రం మీద పడకుండా లేబుల్‌కు విడిగా చిన్న దీపం పెట్టవచ్చు. వయసు మళ్లినవారు చదవలేని లేబుల్‌ను పెట్టిన క్యూరేటర్ తన పనిలో సగమే చేసినట్టు. ఆ మ్యూజియం సందర్శకుల పుస్తకంలో ఈ మాటను తప్పకుండా రాయండి.

ప్రశ్న: చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నాను. ఈ వృత్తిలోకి రావాలంటే ఏం చదవాలి?
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో, కలకత్తా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ, అంటే మ్యూజియం నిర్వహణ శాస్త్రం, బోధిస్తారు. ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ పేరుతో నోయిడాలో ఉంది. శాశ్వత ఉద్యోగాల సంఖ్య తక్కువ కాబట్టి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఏదో ఒక మ్యూజియంలో రిజిస్టర్ల నమోదు పనిలోనైనా చేరడం మంచిది. దక్కన్ చరిత్రపై ఆసక్తి ఉంటే పారశీకం నేర్చుకోండి. హైదరాబాదులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలపు కాగితాలు ఆ భాషలోనే ఉన్నాయి. శాసనాల వైపు మొగ్గు ఉంటే బ్రాహ్మీ లిపితో మొదలుపెట్టండి.

డిగ్రీ వచ్చేదాకా ఆగనక్కరలేని సాధన ఒకటి ఉంది. మీ ఊళ్లోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో ఒక శిల్పాన్ని ఎంచుకుని, దాని ముందు గంటసేపు నిలబడి, 60 మాటలు మించకుండా లేబుల్ రాయండి. దాన్ని తొమ్మిదో తరగతి చదివే పిల్లలకు ఇచ్చి చదివించి, వాళ్లు ఆగిన ప్రతి మాటనూ కొట్టేసి తిరగరాయండి. ఉద్యోగ దరఖాస్తుకు అలాంటి లేబుళ్లు పది జతచేస్తే, మీ మార్కుల జాబితా కంటే వాటినే ముందుగా చదువుతారు.