టోలుయిన్, అసిటోన్ డ్రమ్ముల దగ్గర పనికి ఏ గ్లవ్స్, ఏ మాస్క్ కొనాలి?

బల్క్ డ్రగ్ యూనిట్‌లో కొత్తగా కెమిస్ట్‌గా చేరాను, రోజూ టోలుయిన్, అసిటోన్ అనే సాల్వెంట్లని (మందు కరిగించే ద్రవాలు) డ్రమ్ముల్లోంచి రియాక్టర్‌లోకి ఛార్జ్ చేయాలి, అంటే పోయాలి, ఏ గ్లవ్స్, ఏ మాస్క్ కొనుక్కోవాలి అని అడిగారు. పటాన్‌చెరు వైపు పదకొండేళ్ళు నేనూ అదే పని చేశాను. గ్లవ్స్ సంగతి చెప్తాను గానీ, మీరు అడగనిది ఒకటి ముందు చెప్పాలి. ఎర్తింగ్ వైరు.

నేను చేరిన రెండో ఏడు, జనవరి, నైట్ షిఫ్ట్. ఎయిర్ పంపు రిపేర్‌లో ఉంది. బ్యాచ్ ఆగకూడదని టోలుయిన్‌ని డ్రమ్ములోంచి ప్లాస్టిక్ బకెట్‌లోకి వంచి, రియాక్టర్ పైనున్న మ్యాన్‌హోల్‌లో పోస్తున్నాం. డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్ పెట్టే ఉంది, నేనే పెట్టాను. నాలుగో బకెట్ పోస్తుంటే టప్‌మని చిన్న చప్పుడు. మరుక్షణం మ్యాన్‌హోల్ లోంచి మంట మనిషెత్తు లేచింది. డీసీపీ (మంటలార్పే పొడి) సిలిండర్ కొట్టి ఆపాం. నా పక్కనున్న హెల్పర్ గ్లవ్స్ వేసుకునే ఉన్నాడు, అరచేతులకి ఏమీ కాలేదు. ఒంటి మీదున్న పాలిస్టర్ చొక్కా మాత్రం కరిగి మోచేతులకి అతుక్కుపోయింది. ఆసుపత్రిలో దాన్ని ఒలిచి తీస్తుంటే బయట నిలబడి విన్నాను. ఆ తర్వాత ప్లాంటుకి కాటన్ తప్ప వేసుకెళ్ళలేదు.

తెల్లారాక చూస్తే క్లిప్ డ్రమ్ము పెయింట్ మీద ఉంది. అలా పెడితే పెట్టనట్టే, కింద ఇనుముని కరవాలి. అసలు ఆ క్లిప్ సరిగ్గా ఉన్నా ప్లాస్టిక్ బకెట్‌ని ఎర్త్ చేయలేం కదా! టోలుయిన్‌లో కరెంటు సరిగా పారదు. పోసేకొద్దీ పుట్టిన స్టాటిక్ అందులోనే పేరుకుంటుంది. చలికాలం స్వెటర్ విప్పితే చిటపటలాడుతుందే, అదే. అసిటోన్ కాస్త నయం, ఎర్త్ చేసిన ఇనుప డ్రమ్ములో ఉంటే ఆ స్టాటిక్ నేలలోకి దిగిపోతుంది. అదే అసిటోన్ ప్లాస్టిక్ కార్బాయ్‌లో (పెద్ద క్యాన్) ఉంటే దిగే దారే లేదు.

ఫ్లాష్ పాయింట్, అంటే అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రత, చూడండి: టోలుయిన్‌కి సుమారు 4 డిగ్రీలు, అసిటోన్‌కి సుమారు మైనస్ 20. అంటే మన దగ్గర మూత తీసిన ప్రతిసారీ అంటుకునేంత ఆవిరి పైన ఉన్నట్టే. గాలి కంటే బరువు కాబట్టి ఆ ఆవిరి నేల మీద పాకి, కింది ఫ్లోర్‌కీ డ్రెయిన్‌లోకీ పోతుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ ఆవిరి అంటుకునే 17 మంది పోయారు.

కాబట్టి బకెట్లతో పోయమని ఎవరన్నా ఒప్పుకోకండి. మూత తీయకముందే క్లిప్ పెట్టాలి, మూత బిగించాకే తీయాలి. డిప్ పైపు రియాక్టర్ అడుగు దాకా ఉండాలి, పైనుంచి ధారగా పడకూడదు. పైపు కొస మునిగేదాకా నిదానంగా, సెకనుకి మీటరు మించకుండా పంపాలి. మూత తిప్పడానికి ఇత్తడి లేదా గన్‌మెటల్ స్పానర్. లోపల సాల్వెంట్ ఉన్నప్పుడు మ్యాన్‌హోల్ మీద ప్లాస్టిక్ లైనర్ (పౌడర్ ఉన్న లోపలి సంచి) దులిపి పౌడర్ వేయడం మాత్రం అస్సలు వద్దు. వీలైతే పౌడర్ ముందు, సాల్వెంట్ తర్వాత. ఎలాగైనా రియాక్టర్‌లో గాలి బదులు నైట్రోజన్ ఉండాల్సిందే, అప్పుడే మంట అంటుకోదు.

ఇక గ్లవ్స్. స్టోర్స్‌లో ఇచ్చే పల్చటి నీలం నైట్రైల్ అసిటోన్ ముందు ఎంతోసేపు ఆగదు, చేతికి చల్లగా తగులుతుంటేనే తెలిసిపోతుంది. అసిటోన్‌కి బ్యూటైల్ రబ్బర్ తీసుకోండి. అదే బ్యూటైల్ టోలుయిన్‌కి పనికిరాదు, దానికి విటాన్ (ఫ్లోరిన్ ఉన్న రబ్బర్) కావాలి. విటాన్ మళ్ళీ అసిటోన్‌కి పనికిరాదు! రెండూ వాడతారు కాబట్టి రెండు జతలు, కలిసిపోకుండా పేర్లు రాసి పెట్టుకోండి. ధర ఎక్కువే, కంపెనీనే అడగండి. జేబులోంచి పెట్టకండి.

మాస్క్ అంటే ఎన్95 కాదు, అది దుమ్ముకి. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (సాల్వెంట్ ఆవిరిని పట్టే డబ్బా) ఉన్న రెస్పిరేటర్ కావాలి. అసిటోన్ తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి దానికి ఏఎక్స్ రకం అడగండి. వాసన వచ్చిందంటే కార్ట్రిడ్జ్ అప్పటికే అయిపోయినట్టు, అందుకే తెరిచిన తేదీ దాని మీదే రాయండి. కార్ట్రిడ్జ్ పెట్టుకుని రియాక్టర్ లోపలికి మాత్రం దిగొద్దు. లోపల నైట్రోజన్ ఉంటే ఊపిరికి ఆక్సిజన్ ఉండదు, దాన్ని కార్ట్రిడ్జ్ తెచ్చిపెట్టలేదు. కళ్ళకి మామూలు అద్దాలు కాకుండా చుట్టూ మూసుకునే గాగుల్స్, కాళ్ళకి యాంటీస్టాటిక్ షూ.

ప్రమాదం కనిపిస్తే పై అధికారికి చెప్పే హక్కు చట్టంలోనే ఉంది, మా రోజుల్లో అది ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 41హెచ్ సెక్షన్‌లో ఉండేది. మేం ఆ మాట ఎత్తితే మొదట నవ్వారు, మంట లేచాక నవ్వలేదు.

రేపు షిఫ్ట్‌కి వెళ్ళగానే ఎలక్ట్రీషియన్‌ని మల్టీమీటర్ తెమ్మనండి. క్లిప్ పెట్టిన డ్రమ్ముకీ ఎర్త్ పట్టీకీ మధ్య 10 ఓమ్‌లు దాటితే, ఆ వైరు మార్చేదాకా డ్రమ్ము మూత తీయొద్దు.