విన్నపంలో చెవి లేదు

సందేహం: మా సంస్థ సహాయ కేంద్రానికి తెలుగులో ఫారాలు తయారు చేస్తున్నాం. సమస్య రకాన్ని బట్టి ఒక్కోదానికి ఒక్కో ఫారం ఉంటుంది. ‘టికెట్ రైజ్ చేయండి’ (అంటే మీ సమస్యను మా దగ్గర నమోదు చేయండని) అన్నదాన్ని తెలుగులో ఎలా చెప్పాలన్న దగ్గర మాలో మాకు పేచీ వచ్చింది. సగం మంది ‘ఫిర్యాదు’ అంటున్నారు, సగం మంది ‘విన్నపం’ అంటున్నారు. ‘విన్నపం’ వినడం అనే మాట నుంచి పుట్టిందేనా? ‘రిక్వైర్డ్ ఫీల్డ్’కు యంత్రానువాదం ‘అవసరమైన క్షేత్రం’ అని ఇచ్చింది. ‘సబ్మిట్’కు ‘సమర్పించు’ అని, ‘ప్రయారిటీ’కి ‘ప్రాధాన్యత’ అని పెట్టుకున్నాం. సరిపోతాయా?

సమాధానం: ముందు ఆ క్షేత్రం సంగతి తేల్చేస్తాను. అది చదివాక కాసేపు మరో పని మీదికి మనసు పోలేదు. క్షేత్రమంటే పొలం, పుణ్యస్థలం. గీత పదమూడో అధ్యాయంలో అయితే ఏకంగా ఈ శరీరమే క్షేత్రం. ఫోన్ నంబరు రాసే చోటుకు అంత బరువు దేనికి? ‘గడి’ అనే చక్కని మాట ఉంది మనకు. పదరంగం ఆడేవాళ్లకూ తెలుసు, పలక మీద గీతలు గీసే పిల్లలకూ తెలుసు. ‘ఈ గడి తప్పక నింపాలి’ అనండి. చుక్క గుర్తు (*) పెట్టి ఊరుకున్నా తప్పులేదు.

ఇక విన్నపం. అది విను ధాతువు నుంచి రాలేదు. చాలామంది వచ్చిందనే అనుకుంటారు, చెవికి అలాగే తోస్తుంది కనుక వారిని తప్పుపట్టను. కానీ ‘విను’ అచ్చంగా మనది, ‘విన్నపం’ సంస్కృతంలోని విజ్ఞాపనం ప్రాకృతం మీదుగా నలిగి నలిగి మన దగ్గరికి చేరిన రూపం. యజ్ఞం జన్నమైన దారే ఇది. సంజ్ఞ సన్న అయింది. కనుసన్న, చేసన్న అంటున్నామే, ఆ సన్న. విజ్ఞానం విన్నాణమైంది. ఆజ్ఞ ఇంకాస్త అరిగి ఆన అయింది, రాజ్ఞి రాణి అయింది. ఎక్కడ చూసినా ‘జ్ఞ’ అనే ఆ గట్టి ముడి విప్పుకుని మెత్తబడడమే. విజ్ఞప్తి అని మనం గంభీరంగా రాసేది కూడా ఈ ఇంటి మాటే, కాకపోతే అరగకుండా వచ్చింది. మూలంలో ఉన్నది ‘జ్ఞా’, అంటే తెలియడం. దానికి ప్రేరణార్థకం చేరితే తెలియజేయడం. ఇంగ్లీషులోంచి మనకొచ్చిన ‘నోటీసు’ను లాటిన్ దాకా తవ్వుకుంటూ పోతే అక్కడ తగిలేదీ ఈ ధాతువు తోబుట్టువే. విన్నపం కింది నుంచి పైకి పోతుంది, నోటీసు పై నుంచి కిందికి దిగుతుంది. రెండూ దాయాదులే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, విన్నపం అన్న మాటలో చెవి లేదు. నోరే ఉంది. వినేవాడు విన్నాడా లేదా అన్నది ఆ మాటకు పట్టదు. బాధ ఉన్నవాడు దాన్ని తెలిసేలా చెప్పాడా లేదా అన్నదే దాని లెక్క. మీ ఫారం పని కూడా సరిగ్గా అదే కదా! ‘యాప్ పనిచేయడం లేదు’ అని ఒక్క ముక్క రాసి వదిలేసినవాడు మొర పెట్టుకున్నాడేమో గాని విన్నపం చేయలేదు. ఏ ఫోను, ఏ వెర్షను, ఎప్పటినుంచి, చివరిసారి తెర మీద ఏమని వచ్చింది అనేవి కూడా చెబితేనే తెలియజేసినట్టు. అవన్నీ చెప్పాలని అతనికి తోచదు. తోచేలా చేయడానికే మీరు గడులు గీస్తున్నారు.

చెవి సంగతి మాటలో లేదు గనకనే ఒక కవి దాన్ని పక్కన తెచ్చిపెట్టాల్సి వచ్చింది. ‘విన్నపాలు వినవలె వింత వింతలు’ అన్నాడు అన్నమయ్య (1408–1503). విన్నపానికీ వినడానికీ చుట్టరికం లేదు. అయినా ఆ రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టి, వినేవారికి అవి అక్కచెల్లెళ్లేనని అనిపించాడు. మీ జట్టులో ఎవరైనా పొరబడ్డారంటే అందులో ఆయన పాలూ కొంత ఉండి ఉంటుంది.

ఆ పాట మేలుకొలుపని అందరికీ తెలుసు. నేను చూడమనేది దాని అమరిక. పల్లవి రెండో సగంలో ‘పన్నగపు దోమతెర పైకెత్తవేలయా’ అంటాడు. అడిగేవారు బయట ఉన్నారు, వినేవాడు లోపల ఉన్నాడు, నడుమ ఒక తెర ఉంది. ఇంతకంటే సహాయ కేంద్రం ఏముంటుంది? తరువాత మూడు చరణాల్లో మూడు గుంపులు వస్తాయి. మొదటి చరణంలో దేవతలు, మునులు. వీళ్లు ‘అల్లనల్ల నంత నింత’ నిలబడ్డారు. మెల్లగా, అక్కడొకరు ఇక్కడొకరుగా. రెండో చరణంలో గరుడ కిన్నర యక్ష కామినులు గములై, అంటే గుంపులుగా వచ్చి, ‘పరిపరి విధముల’ పాడుతున్నారు. మూడో చరణంలో శేషుడు, తుంబురు నారదులు, బ్రహ్మ మొదలైనవాళ్లు. వీళ్లకు వరుసలో నిలబడే పనే లేదు, నేరుగా పాదాల దాకా వచ్చేశారు. వచ్చినవాళ్లు మూడు రకాలు, వచ్చిన తీరూ మూడు రకాలు. అందుకని స్వామిని కోరేది కూడా మూడు చోట్లా ఒకటి కాదు. మొదటివాళ్ల కోసం కన్నులు విచ్చి మేలుకోమన్నాడు. పాడేవాళ్ల కోసం ‘చిత్తగించవేలయా’ అన్నాడు. పాదాల దగ్గరివాళ్ల కోసం చూచి లేవమన్నాడు. ‘వింత వింతలు’ అని ముందే అన్నాడు కదా. వింత అంటే ఇక్కడ విడ్డూరం కాదు, ఒకదాని పోలిక ఒకదానికి లేనిదని నా అన్వయం. విన్నపాలన్నీ ఒక అచ్చులో పోసినట్టు రావు. వాటన్నిటినీ ఒకే ఫారంలో కుక్కేవాళ్లు ఈ పల్లవిని ఒకసారి పాడుకోవాలి.

మధ్యలో ఆ ‘చిత్తగించు’ను చూశారా! చిత్తంలో పెట్టుకోవడం. పాత ఉత్తరాలు ‘చిత్తగించవలెను’ అని ముగిసేవి. ఇప్పుడు దాని చోట ‘దయచేసి గమనించగలరు’ వచ్చి కూర్చుంది. గమనించగలరా లేదా అని ఎదుటివాడి సామర్థ్యాన్ని శంకిస్తున్నట్టుంటుంది నాకు. ఆ ‘గలరు’ మర్యాద కోసం పెట్టినదేనని వాదించేవారున్నారు. ఉండనివ్వండి.

అన్నమయ్య పాటలు మనకు రాగిరేకుల మీద దక్కాయి. వాటి మీద పాటతో పాటు రాగం పేరు చెక్కి ఉంటుంది. పైగా అధ్యాత్మం, శృంగారం అన్న విభజన. చెక్కినవాళ్లు వర్గం గడి వదలకుండా నింపారన్నమాట. రేకు తీసినవాడికి పాట చదవకముందే అది ఏ పెట్టెలోదో తెలిసిపోతుంది. మీరు రకానికొక ఫారం అంటున్నది ఇదే. డబ్బు వాపసు అడిగేవాడికి ఆర్డర్ సంఖ్య, తేదీ గడులు కనబడాలి. పాస్‌వర్డ్ మరిచినవాడికి అవి కనబడకూడదు. మొదటి గడిలో వచ్చిన పని ఎంచుకున్నాకే దానికి తగిన గడులు తెరుచుకోవాలి. తెర కొంచెం కొంచెంగా ఎత్తడం ఇదే.

ఒకసారి ఒక సంస్థవారి ఫారం ముందు కూర్చున్నాను. నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది, దిద్దమని అడగాలి. ‘ఫిర్యాదు రకం’ అని ఒక జాబితా ఉంది. బిల్లు తప్పు, సేవ అంతరాయం, సిబ్బంది ప్రవర్తన, ఇతరములు. నేనెవరి మీదా ఫిర్యాదు చేయడానికి రాలేదు. చేసేది లేక ‘ఇతరములు’ ఎంచుకున్నాను. బహువచనంలో నన్నొక్కణ్ణి పడేశారు. వారం తరువాత ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని జవాబు వచ్చింది. పేరులో ఆ తప్పు అలాగే ఉంది.

అందుకని ‘ఫిర్యాదు’ అన్నిటికీ పనికిరాదు. అది పారసీకం. మూలంలో ఆదుకోమని పెట్టే కేక. మన కోర్టుల్లో అది నేరారోపణ వైపు జరిగింది, ఫిర్యాది అంటే ముద్దాయికి ఎదుటివాడు. నడుస్తున్నది ఆగిపోతే, జరగరానిది జరిగితే ఆ మాట వాడండి. కొత్తగా ఏదైనా కావాలంటే విన్నపం. తెలియక అడిగితే సందేహం లేదా ప్రశ్న. సహాయ కేంద్రాల్లో పనిచేసేవాళ్లు కూడా ఇన్సిడెంట్ (నడుస్తున్నది ఆగిపోవడం) వేరు, సర్వీస్ రిక్వెస్ట్ (కొత్తగా ఏదైనా కోరడం) వేరు అని విడదీసే చెబుతారు. వాళ్లు వేర్వేరుగా పెట్టుకున్నవాటిని తెలుగులోకి వచ్చేసరికి ఒకే మాటలో కలిపేయడం మన బద్ధకం. అర్జీ, దరఖాస్తు కూడా విన్నపం పనే చేస్తాయి గాని సర్కారు వాసన వేస్తాయి.

‘టికెట్’ మాటేమిటంటారా? దాని మీద నాకు కోపం లేదు. ఫ్రెంచివాళ్ల పాతమాట ‘ఎతికెత్’, అంటే అంటించిన చీటీ. మర్యాదకు ఇంగ్లీషువాళ్లు వాడే ఎటికెట్ కూడా ఆ చీటీలోంచి ఊడి వచ్చిందే. సమస్యకు అంకె వేసి చీటీ అంటించడం లోపలివాళ్ల పని, కాబట్టి లోపలివాళ్లకు ‘టికెట్’ చాలు. బయటివాడికి ‘విన్నపం’ అని కనబడనివ్వండి. ఒకే ఫారానికి సిబ్బందికి ఒక పేరు, వాడేవారికి ఒక పేరు పెట్టుకునే వీలు ఇలాంటి వ్యవస్థల్లో ఉంటుందని విన్నాను. ఉంటే వాడుకోండి. లేదంటే టికెట్టే ఉంచండి, కొంపలేమీ మునగవు. ‘రైజ్ చేయడం’ మాత్రం వద్దు. విన్నపం చేస్తారు, ఫిర్యాదు ఇస్తారు, సందేహం అడుగుతారు. దేని క్రియ దానికుంది.

‘సమర్పించు’ అంటే పూలో గ్రంథమో ఉండాలి. బొత్తాం మీద ‘పంపండి’ అని రాయండి. పంపాక వెళ్లే సందేశంలో ‘మీ అభ్యర్థన స్వీకరించబడినది’ అని రాయబోతున్నారని నా అనుమానం. ‘మీ విన్నపం అందింది’ అంటే సరిపోతుంది. రసీదు అన్న పారసీకపు మాటకు అసలు అర్థం కూడా ‘చేరింది’ అనే. ‘పెండింగ్’ దగ్గర ఒక చిక్కుంది. కొన్ని సహాయ కేంద్రాల పరిభాషలో దానర్థం వినియోగదారు జవాబు కోసం వేచి ఉన్నామని. తెలుగువాడు మాత్రం వీళ్లు పని నాన్చుతున్నారనే చదువుకుంటాడు. ‘మీ జవాబు కోసం చూస్తున్నాం’ అని విడమరచండి.

ఇంతవరకు చెప్పినదాంట్లో మీ ఇష్టానికి వదిలేసినవి ఉన్నాయి. ‘ప్రాధాన్యత’ను మాత్రం వదలను. ప్రధానానికి భావార్థంలో ప్రాధాన్యం వచ్చింది. లేదూ, ప్రధానత అనుకోండి. ప్రాధాన్యానికి మళ్లీ ‘త’ తగిలించడం టోపీ మీద టోపీ. నైపుణ్యత అనేవాళ్లూ ఈ బాపతే. పైగా ఆ గడిని నింపమని వినియోగదారుణ్ణి అడగడమే దండగ, ఎవడి పని వాడికి అత్యవసరమే. ‘పని పూర్తిగా ఆగిపోయిందా, ఇబ్బందిగానైనా నడుస్తోందా?’ అని అడిగి, ప్రాధాన్యం లోపల మీరు నిర్ణయించుకోండి. అప్పుడిక ఆ ‘త’ బయటివారెవరికీ కనబడదు, లోపల కూడా తీసేస్తే నాకు మరీ సంతోషం.