గుప్తా–కపూర్ సగంలో ఆగిపోయింది, స్టాటిస్టిక్స్ మొదలుపెట్టడానికి ఏ పుస్తకం మంచిది?

తమ్ముడూ, ఇంటర్ ఎంపీసీ తెలుగు మీడియంలో చదివి ఇప్పుడు నల్లగొండలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరంలో ఉన్నానన్నావు. ముందుముందు డేటా అనలిస్ట్ కావాలని ఉందన్నావు. సీనియర్లు చెప్పారని గుప్తా, కపూర్ రాసిన డిగ్రీ స్టాటిస్టిక్స్ పుస్తకం (అందరూ గుప్తా–కపూర్ అనే అంటారు) కొంటే ప్రాబబిలిటీ చాప్టర్ సగంలోనే ఆగిపోయింది, ఇంకేది కొనాలని అడిగావు.

ముందు ఆ పుస్తకాన్ని అమ్మేయకు. సెమిస్టర్ పరీక్షలకు, తర్వాత ఎమ్మెస్సీ ఎంట్రెన్స్‌కు అదే అక్కరకొస్తుంది. కానీ అది సంగతి తెలిసినవాళ్లు లెక్కలు చేసి చెయ్యి తిప్పుకునే పుస్తకం. థీరమ్, ప్రూఫ్, రిమార్క్, వెనకే లెక్కల వరస. ఈ ఫార్ములా అసలు ఎందుకు పుట్టిందన్నది క్లాసులో ఎవరో చెప్పి ఉంటారన్న ధీమాతో రాసినట్టు ఉంటుంది. ఎవరూ చెప్పకపోతే నీలాగే సగంలో ఆగిపోతారు. తప్పు నీ తెలివిది కాదు, వరసది.

నీకు రెండు పుస్తకాలు కావాలి, ప్రాబబిలిటీకి ఒకటి, స్టాటిస్టిక్స్‌కు ఒకటి. డబ్బాలో ఏ చీటీలున్నాయో తెలిసి, చేతికి ఏది వస్తుందో లెక్కకట్టేది ప్రాబబిలిటీ. చేతికొచ్చిన చీటీలు చూసి డబ్బాలో ఏముందో అంచనా వేసేది స్టాటిస్టిక్స్. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే వేగంతో చదవబోతే ఏదో ఒకటి కుంటుతుంది.

పేర్లకన్నా ముందు పుస్తకాన్ని పరీక్షించే పద్ధతి చెప్తా. గ్రంథాలయంలోనైనా, పీడీఎఫ్‌లోనైనా మూడు చోట్ల తెరిచి చూడు.

మొదటిది కండిషనల్ ప్రాబబిలిటీ. బేయిస్ థీరమ్‌ను ఒట్టి ఫార్ములాగా పెట్టి వదిలేశారా, మనుషుల సంఖ్యల్లో చూపారా? ఎట్లా చూపాలో మన జిల్లా సంగతితోనే చెప్తా. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దంటారు కదా. ఒక మండలంలో 200 బోర్లున్నాయి, అందులో 20 హద్దు దాటినవి అనుకుందాం. నీళ్లను అక్కడికక్కడే పరీక్షించే ఫీల్డు కిట్ నూటికి 90 సార్లు సరిగ్గానే చెప్తుంది. 20 చెడ్డ బోర్లలో 18 పట్టుకుంటుంది. మంచివి 180లో పదో వంతు, అంటే ఇంకో 18 బోర్లను కూడా చెడ్డవేనంటుంది. మొత్తం 36 బోర్లకు ఎర్రగుర్తు పడితే అందులో నిజంగా చెడ్డవి సగమే. కిట్ 90 శాతం కరెక్టు, కానీ అది చెడ్డదన్న బోరు నిజంగా చెడ్డదయ్యే అవకాశం 50 శాతం. ఈ రెండు సంఖ్యలు ఎందుకు వేరో ఇట్లా విడదీసి చూపే పుస్తకమైతే తీసుకో. పేజీ మొత్తం సిగ్మాలు, సబ్‌స్క్రిప్టులే ఉంటే మొదటి పుస్తకంగా వద్దు.

రెండోది స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత. దాని వర్గమే వేరియన్స్. 4, 6, 8, 10, 12 తీసుకో. సగటు 8, తేడాల వర్గాల మొత్తం 40. ఐదుతో భాగిస్తే వేరియన్స్ 8, డీవియేషన్ 2.83. నాలుగుతో భాగిస్తే వేరియన్స్ 10, డీవియేషన్ 3.16. ఇంటర్ గణితం 2ఎలో నువ్వు చేసింది మొదటిది. శాంపిల్ నుంచి మొత్తం జనాభా సంగతి అంచనా వేసేటప్పుడు వాడేది రెండోది. తేడాలను అసలు సగటు నుంచి కాక శాంపిల్ సొంత సగటు నుంచి కొలుస్తాం కాబట్టి అవి కొంచెం చిన్నగా వస్తాయి, ఒకటి తగ్గించి భాగిస్తే ఆ లోటు పూడుతుంది. ఈ మాట చెప్పని పుస్తకంతో ముందుకుపోతే కంప్యూటర్ ముందు కూర్చున్న రోజు చిక్కులో పడతావు. ఎక్సెల్‌లో రెండు ఫంక్షన్లూ వేరువేరుగా ఉంటాయి, చివర పీ ఉన్నది మొదటి లెక్క, ఎస్ ఉన్నది రెండోది. స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వచ్చేది రెండోదే. పైథాన్‌లో ఇంకా తమాషా, అందులో నమ్‌పై, పాండాస్ అని రెండు లైబ్రరీలున్నాయి: నమ్‌పై ఏమీ చెప్పకపోతే మొదటిది ఇస్తుంది, పాండాస్ రెండోది ఇస్తుంది. ఒకే డేటాకు రెండు జవాబులు వచ్చాయని పిల్లలు కోడ్‌లో తప్పు వెతుకుతూ పూటలు గడిపేస్తుంటారు.

మూడోది కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే శాంపిల్ చూసి అసలు సగటు ఎక్కడుందో చెప్పడానికి కట్టే రెండు అంకెల హద్దు. ‘అసలు సగటు ఈ రెండు అంకెల మధ్య ఉండే సంభావ్యత 95 శాతం’ అని రాసి వదిలేసిందంటే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టు. ఇదే పద్ధతిలో మళ్లీమళ్లీ శాంపిళ్లు తీసి ఇంటర్వల్ కడుతూ పోతే, దాదాపు నూటికి 95 ఇంటర్వళ్లలో అసలు సగటు చిక్కుతుంది. అర్థం అది. ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాసినవాళ్లు మిగతాది కూడా జాగ్రత్తగానే రాసి ఉంటారు.

ఇక పేర్లు. స్టాటిస్టిక్స్‌కు నా ఓటు ఫ్రీడ్‌మన్, పిసాని, పర్వ్స్ ముగ్గురూ రాసిన ‘స్టాటిస్టిక్స్’. లావుగా ఉందని భయపడకు, ఫార్ములాలు తక్కువ, మాటలు ఎక్కువ, ఇంగ్లిష్ కూడా తేలికే. మొదటి చాప్టరే 1954లో అమెరికాలో సాల్క్ పోలియో టీకాను ఎట్లా పరీక్షించారన్న సంగతి. పైన చెప్పిన చీటీల డబ్బా పద్ధతి కూడా వీళ్లదే, పుస్తకం రెండో సగం ఎక్కువగా దాని మీదే నడుస్తుంది. అది దొరక్కపోతే ‘ఓపెన్‌ఇంట్రో స్టాటిస్టిక్స్’ పీడీఎఫ్ ఉచితం. నిజమైన డేటా ఉంటుంది, ఆర్‌లో చేసే అభ్యాసాలు కూడా ఇస్తారు. డేటా అనలిస్ట్ ఉద్యోగమే గురి అయితే ఇదే ముందు చదివినా నష్టం లేదు.

ప్రాబబిలిటీకి బ్లిట్జ్‌స్టీన్, హ్వాంగ్ రాసిన ‘ఇంట్రడక్షన్ టు ప్రాబబిలిటీ’. దీన్ని రచయితలే ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. బ్లిట్జ్‌స్టీన్ హార్వర్డ్‌లో చెప్పిన స్టాట్ 110 పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. మొదటి నాలుగు చాప్టర్లకు ఇంటర్ గణితం దాదాపు సరిపోతుంది, ఐదో చాప్టర్ నుంచి ఇంటిగ్రేషన్ చేతిలో ఉండాలి. షెల్డన్ రాస్ ‘ఎ ఫస్ట్ కోర్స్ ఇన్ ప్రాబబిలిటీ’ కూడా మంచిదే, చేసి చూపిన లెక్కలు మస్తుగా ఉంటాయి. ప్రతి చాప్టర్ చివర సెల్ఫ్ టెస్ట్ లెక్కలుంటాయి, వాటి పూర్తి సాధనలు పుస్తకం వెనక ఇచ్చారు. ట్యూషన్ లేకుండా చదువుకునేవాళ్లకు అది పెద్ద ఆసరా. డారెల్ హఫ్ 1954 నాటి ‘హౌ టు లై విత్ స్టాటిస్టిక్స్’ సెలవు రోజు చదివే పుస్తకం, సిలబస్‌కు పనికిరాదు. ఫెల్లర్ రాసిన ప్రాబబిలిటీ పుస్తకం పై స్థాయిది, దాని జోలికి ఇప్పుడే పోకు.

వీటన్నిటికన్నా ముందు నీ పాత తెలుగు అకాడమీ 2ఎ తీసి చివరి మూడు చాప్టర్లు, విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు, మళ్లీ చెయ్యి. వారం పది రోజుల పని. తర్వాత ఫ్రీడ్‌మన్‌ను, బ్లిట్జ్‌స్టీన్‌ను రోజు మార్చి రోజు చదువు. కాలేజీలో ఏ టాపిక్ అయితే ఆ రోజు గుప్తా–కపూర్‌లో అవే లెక్కలు చెయ్యి. సాధన మీద కాగితం కప్పి, కనీసం పావుగంట కుస్తీ పట్టాకే తియ్యి. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో గానీ అసలు సంగతి తెలియదు.

ఎక్కువమంది ఓడిపోయేది కౌంటింగ్ చాప్టర్‌లో. రాస్‌లోనూ బ్లిట్జ్‌స్టీన్‌లోనూ అదే మొదటిది కాబట్టి అది మొత్తం వస్తేనే ముందుకు పోవాలనుకుంటారు. అక్కర్లేదు. గుణకార సూత్రం, క్రమం లెక్కలోకి వస్తుందా రాదా అన్నది, ఎన్ వస్తువుల్లో ఆర్ ఎంచుకునే లెక్క ఎన్‌సీఆర్, ఈ మూడు వస్తే చాలు, దాటేసి పో. ఏదైనా జవాబు నమ్మబుద్ధి కాకపోతే ఎక్సెల్‌లో యాదృచ్ఛికంగా అంకెలిచ్చే రాండ్‌బిట్వీన్ ఫంక్షన్‌తో రెండు పాచికలు వెయ్యిసార్లు వేసి చూడు. మొత్తం 7 రావడం 170కి అటూఇటూ తేలుతుంది, ఎందుకంటే 36లో 6 అంటే ఆరో వంతు.

ఇంకో చిక్కు నార్మల్ టేబుల్‌ది, అంటే గంట ఆకారపు నార్మల్ వక్రం కింద ఎంత భాగం ఉందో చెప్పే పట్టికది. ఒక పుస్తకంలో చదివి ఇంకో పుస్తకం వెనక టేబుల్ చూస్తే లెక్క మొత్తం తప్పుతుంది. జెడ్ (సగటు నుంచి ఎన్ని స్టాండర్డ్ డీవియేషన్ల దూరమో చెప్పే అంకె) విలువ 2 అనుకో. మన డిగ్రీ పుస్తకాల్లో ఎక్కువగా సున్నా నుంచి 2 వరకు ఇస్తారు, 0.4772. ఓపెన్‌ఇంట్రోలో ఎడమ పక్క మొత్తం ఉంటుంది, 0.9772. ఫ్రీడ్‌మన్‌లో మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు, అదీ శాతాల్లో, 95.45. టేబుల్ పైన చిన్న బొమ్మ ఉంటుంది, ఏ భాగానికి నలుపు వేశారో చూశాకే అంకె తీసుకో.

కొనేటప్పుడు కొత్త ఎడిషనే కావాలని పట్టుపట్టకు, మొదటి సెమిస్టర్ల విషయం ఎడిషన్‌కూ ఎడిషన్‌కూ పెద్దగా మారదు. హైదరాబాద్ పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే పాతవి దొరుకుతాయి. డబ్బులిచ్చే ముందు మాత్రం వెనక టేబుళ్ల పేజీలు, జవాబుల పేజీలు ఉన్నాయో లేవో తిప్పి చూడు. పాత పుస్తకాల్లో ముందు చిరిగిపోయేవి అవే, జిరాక్స్ కాపీల్లో వదిలేసేవీ అవే.