పొగరున్న గుర్రం ఎక్కబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం నిదానంగా చదివాను. గుర్రం ఒక్కచోట నిలబడట్లేదని, జీను చూస్తేనే తల ఎత్తేస్తోందని, ఎక్కాక పగ్గాలు బిగిస్తే ఇంకా ఊపందుకుంటోందని రాశావు. గట్టి కళ్లెం వేయమని ఒకరు, అలసిపోయేదాకా పరిగెత్తించమని ఇంకొకరు చెప్పారట. రెండూ వద్దమ్మా. నోరు నొప్పి పుడితే గుర్రం ఆ నొప్పి నుంచి పారిపోవాలనే చూస్తుంది. రోజూ పరిగెత్తిస్తే దాని దమ్ము పెరుగుతుంది, నెల తిరిగేసరికి అలసిపోవడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది.

శిక్షణ మాట ఎత్తేముందు పశువుల డాక్టరుకు చూపించు. పళ్ల అంచులు పదునెక్కి బుగ్గ లోపల గీరుకుంటున్నా, జీను వెన్ను మీద నొక్కుతున్నా, కడుపులో పుండ్లున్నా గుర్రం నువ్వు రాసినట్టే ప్రవర్తిస్తుంది. దాని కడుపులో ఆమ్లం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది కాబట్టి గడ్డి రోజంతా కొద్దికొద్దిగా అందాలి. పని తక్కువ, దాణా ఎక్కువ అయినా, రోజంతా శాలలో కట్టేసి ఉంచినా ఆ ఊపు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. తోటి గుర్రాలతో ఆరుబయట తిరగనిస్తే సగం గొడవ తగ్గడం నేను చాలా గుర్రాల్లో చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో దాదాపు 350 డిగ్రీల మేర దానికి కనిపిస్తుంది. కనపడనిది నుదుటికి సరిగ్గా ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం. అందుకే ఎప్పుడూ భుజం వైపు నుంచి వెళ్లు. ఒంటి మీద ఈగ వాలితే ఆ ఒక్కచోటే చర్మం అదిలిస్తుందే, అంత సున్నితమైన ఒళ్లు దానిది. కాలితో పొడిస్తే తప్ప తెలియదనుకోవడం మన పొరపాటు.

జర్మనీలో హన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఒకప్పుడు పెద్ద పేరు. జవాబు ఎంతైతే అన్నిసార్లు గిట్టతో నేల తట్టేది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో దాన్ని పరీక్షించి అసలు విషయం తేల్చాడు. సరైన అంకె రాగానే ప్రశ్న అడిగినవాడి తల, ఒళ్లు తనకు తెలియకుండానే కాస్త కదిలేవి, గుర్రం అది చూసి ఆగిపోయేది. మనిషికే తెలియని కదలికను పట్టే జంతువు దగ్గరికి నువ్వు టెన్షన్‌తో, పళ్లు బిగించి వెళ్తే ఇక దాచేదేముంటుంది? కోపంగా ఉన్న రోజు ఒళ్లు తోమి, మేత వేసి వచ్చేయ్. శిక్షణ మర్నాడు చూసుకోవచ్చు.

అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో టామ్ డోరెన్స్, రే హంట్ లాంటివాళ్లు నేర్పి, తర్వాత నేచురల్ హార్స్‌మన్‌షిప్ అని పేరుపడిన పద్ధతిలో నేను ప్రాణం పెట్టుకున్నది ఒక్కటే. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఒత్తిడి తీసేసిన క్షణంలో. నువ్వు ఎప్పుడు వదిలితే అప్పుడు చేస్తున్నదే సరైనదని అది అనుకుంటుంది. తల విసిరినప్పుడు భయపడి వదిలావా, తల విసరడం నేర్పినట్టే. ఆ వదలడం అలవాటు కావడానికి నేల మీద నిలబడి ఈ ఒక్క పని చెయ్యి.

తాడు హాల్టర్ (నోట్లో ఇనుము లేకుండా తలకు తొడిగే తాడు), నాలుగు మీటర్ల పొడుగు తాడు తీసుకో. ఎడమ భుజం పక్కన, తన్నినా తగలనంత ముందుకు నిలబడు. తాడుతో తల కొంచెం నీవైపు తిప్పి, చూపు దాని వెనక భాగం మీద పెట్టు. కదలకపోతే జీను పట్టీ పడేచోటికి జానెడు వెనక వేలి కొనలు ఆనించు. మొదట వెంట్రుకలకు తగిలీ తగలనట్టు, తర్వాత చర్మానికి, తర్వాత కండకు. పెంచడం నెమ్మదిగా ఉండాలి, ఆపడం మాత్రం టక్కున. దగ్గర వైపు వెనక్కాలు రెండోదానికి ముందుగా దాటి పడగానే చెయ్యి తీసెయ్, చూపు దించెయ్, ఊపిరి వదిలి ఊరికే నిలబడు. అది తల దించుతుంది, ఒక చెవి నీవైపు తిప్పుతుంది, కాసేపటికి పెదాలు నాకుతూ నములుతుంది. నమలడం చూసి లొంగిపోయిందని సంబరపడేవాళ్లున్నారు. ఒళ్లు బిగువు సడలుతోందని మాత్రమే దానర్థం. ఆ సడలే టైమ్ దానికివ్వాలి, అందులోనే పాఠం లోపలికి దిగుతుంది. కుడి వైపు కూడా మొదటినుంచీ నేర్పాలి. ఎడమ కంటికి అలవాటైంది కుడి కంటికి మళ్లీ కొత్తగా అనిపించవచ్చు.

ఈ వెనక్కాళ్ల పని మీద అంత పట్టు ఎందుకంటే, గుర్రం బలమంతా అక్కడుంది. దూకాలన్నా, పరుగు తీయాలన్నా అవి నేరుగా నేలను తన్నాలి. ఒకదాని ముందుగా ఒకటి దాటుతుంటే ఆ తన్ను పడదు.

గుండ్రటి కంచెలో పెట్టి గిరగిరా తిప్పుతూ ఉండటం నాకు నచ్చదు. కాళ్ల కీళ్లకు చేటు, పైగా దానికి భయం తప్ప ఏమీ అర్థం కాదు. ప్లాస్టిక్ సంచి, గొడుగు లాంటి బెదిరే వస్తువుల్ని కూడా మీదికి తేవద్దు. అది తట్టుకోగలిగిన దూరంలో చూపించి, నిలబడ్డప్పుడే వెనక్కి తీసుకో. మరునాడు ఇంకొంచెం దగ్గర. జీను కూడా అంతే: వాసన చూడనివ్వు, వీపు మీద ఆనించి తీసెయ్, పట్టీ కాస్తకాస్తగా బిగించు.

ఎక్కేటప్పుడు కదిలితే పగ్గాలు లాగి ఆపకు. రికాబులోంచి కాలు తీసి, నేలమీదే వెనక్కాళ్లను చెరోవైపు కాసేపు దాటించు, మళ్లీ అదే చోటికి వచ్చి నిలబడు. నిలబడితే పని లేదు, కదిలితే పని ఉంది. ఈ లెక్క అది త్వరగానే పట్టేస్తుంది.

పైకెక్కాక అసలు పరీక్ష నీదే. ఊపు వచ్చినప్పుడు రెండు పగ్గాలూ బిగించి కూర్చోవాలనిపిస్తుంది. ఇరుకున పడిన గుర్రమే పైకి లేస్తుంది. దాని కాళ్లకు వెళ్లడానికి దారి చూపించు: పెద్ద సున్నాలు, మెలికలు, ఎడమ నుంచి కుడికి మలుపులు. వంపులో నడిచే గుర్రం తనంతట తానే నెమ్మదిస్తుంది, అప్పుడు పగ్గం వదులు చెయ్యి. ఒక్క పగ్గంతో ఆపడం కూడా నడకలోనే బాగా నేర్పు: ఒక చెయ్యి నీ తుంటి వైపు తెచ్చి దాని తల నెమ్మదిగా వంచి, వెనక్కాళ్లు దాటి నాలుగు కాళ్లూ ఆగగానే వదిలెయ్. దౌడులో ఉన్నప్పుడు ఒక్కసారిగా అలా గుంజితే గుర్రం బోర్లా పడొచ్చు, జాగ్రత్త. అప్పుడు పెద్ద వలయంలోకి తిప్పి, వలయం చిన్నది చేస్తూ రావాలి.

బాగా చేసిన చోటే ఆపి దిగిపో. ఇంకొక్కసారి అని ఆశపడకు.

హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు, తాడు చేతికి చుట్టుకోవద్దు, చుట్టుపక్కల ఇంకొక మనిషి లేకుండా కొత్త పని మొదలుపెట్టొద్దు. అది ముందరి కాళ్లు ఎత్తి నిటారుగా నిలబడటం మొదలుపెడితే మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి, అనుభవమున్న శిక్షకుణ్ణి పిలిపించు. లేదంటే ఓ వారం పోయాక నేలమీది పని వీడియో తీసి పంపు. వెనక్కాళ్లు, నీ చేతులు రెండూ కనపడేలా పక్కనుంచి తీయించు. నువ్వు ఎప్పుడు వదులుతున్నావో నేను చూడాలి.

మీ పెదనాన్న