చెక్క పడవ కట్టేవాడికి ఇనుప పని ఎంత రావాలి?

తాళ్ళరేవులో నావ పని నేర్చుకుంటున్నారు, ఇనుప పనిలో ముందేం నేర్చుకోవాలని అడిగారు. ఉలి చేయడంతో మొదలుపెట్టండి, వెల్డింగ్ తర్వాత చూసుకోవచ్చు. పాత ఆకురాయి ముక్కను కొలిమిలో కాల్చి, ఉలి ఆకారానికి సాగగొట్టండి. అంచును మళ్ళీ ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోవడం మానేయగానే (సుమారు 770 డిగ్రీలు) నూనెలో ముంచండి. ఇప్పుడది గాజులా పెళుసు, కిందపడితే ముక్కలే! అంచును మెరిసేలా రుద్ది, పిడి వైపు నుంచి నెమ్మదిగా వేడి చేయండి. అంచు ఎండుగడ్డి రంగుకు రాగానే నీళ్ళలో ముంచేయండి. రెండు మూడు ఉలులు పాడయ్యాకే ఆ రంగు కంటికి అలవాటవుతుంది.

కోరంగి వైపు ఉప్పునీళ్ళు కదా, ఇత్తడి స్క్రూలు వద్దు. ఉప్పు అందులోని జింకును లాగేస్తే మిగిలేది గుల్ల రాగి. రాగి మేకులు మేలు. జింకు పూత ఇనుమును మాత్రం పూత గీకకుండా వెల్డ్ చేయకండి. ఆ పొగకి నేనోసారి రాత్రంతా చలిజ్వరంతో వణికాను.