పోయిన జవాబు వెంట పడకండి

"ఐఈఎల్‌టీఎస్‌లో మిగతావి పర్వాలేదు, లిజనింగ్‌లోనే బ్యాండ్ పడిపోతోంది. రోజూ ఇంగ్లీష్ సినిమాలు చూస్తే సరిపోతుందా?" అని ఒకరు అడిగారు. ఐఈఎల్‌టీఎస్ అంటే విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష. లిజనింగ్ అంటే అందులో ఆడియో విని జవాబులు రాసే విభాగం, బ్యాండ్ అంటే 9కి ఇచ్చే స్కోరు.

సరిపోదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే చదివినట్టే గానీ విన్నట్టు కాదు. పైగా ఏ సినిమాలోనూ హీరో తన ఇంటిపేరు ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పడు. లిజనింగ్‌లో మొదటి భాగమంతా ఆ గొడవే: పేరు, స్పెల్లింగ్, ఫోన్ నంబర్, తేదీ.

మా చెల్లి ఆఫీసులో రోజూ అమెరికా వాళ్ళతో కాల్స్ మాట్లాడేది. ఇంగ్లీష్ రాదనడానికి లేదు. అయినా ప్రాక్టీస్ టెస్టుల్లో మొదటి భాగంలోనే మార్కులు పోయేవి. ఒక ఆదివారం పక్కన కూర్చుని చూశాను. ఎవరో జిమ్‌లో చేరడానికి ఫోన్ చేసిన రికార్డింగ్ అది. అవతలి వాడు పదిహేనో తారీఖు రమ్మన్నాడు, అంతలోనే "ఆగండి, ఆ రోజు మాకు సెలవు" అన్నాడు. సరిగ్గా వాడు కొత్త తేదీ చెప్పేటప్పుడే వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది.

"అక్కా, ఆపవే! వెనక్కి తిప్పు!" అని అరిచింది. నేను మౌస్ ఇవ్వలేదు. అసలు పరీక్షలో ఒక్కసారే వినిపిస్తారు, అక్కడ ఎవరు తిప్పుతారు? ఇది పెన్ను పట్టుకుని ఆ ఖాళీనే గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంది. ఈలోగా ఫీజు, అడ్రస్, లాకర్ నంబర్ అన్నీ చెప్పేసి ఆయన ఫోన్ పెట్టేశాడు. చివరికి తప్పంతా అమ్మ మీదికి నెట్టబోయింది. "నీ పరీక్ష కోసం ఇంట్లో పప్పు వండటం మానేయాలా?" అని అమ్మ గట్టిగానే తగులుకుంది.

కుక్కర్ వల్ల పోయింది ఒక్క మార్కు. మిగతావన్నీ ఆ ఒక్కదాని కోసం వెతుక్కుంటూ పోయాయి. నా లెక్కలో లిజనింగ్‌లో నూటికి తొంభై మంది సమస్య ఇదే. మొత్తం 40 ప్రశ్నల్లో 30 దాకా కరెక్ట్ అయితే దాదాపు 7 బ్యాండ్ వస్తుంది. అంటే పది పోయినా కొంప మునగదు. తప్పు రాస్తే మార్కు కోయరు కూడా. వినబడకపోతే తోచింది రాసి తర్వాతి ప్రశ్న మీదికి వెళ్ళిపోవాలి, అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో టీవీ నడుస్తుండగానే ప్రాక్టీస్, మధ్యలో ఆపడం నిషేధం.

యాస గురించి అందరూ టెన్షన్ పడతారు. ఆస్ట్రేలియా వాళ్ళు "ఏ" అంటే మనకు "ఐ" లాగా వినిపించే మాట నిజమే. కానీ మన చిక్కు అంతకంటే దగ్గరిది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, బస్సు, కారు అంటాం. వాళ్ళు చివరి హల్లు మింగేస్తే మనకు ఆ శబ్దమే ఉండదు. అందుకే బహువచనం "ఎస్" వదిలేస్తాం, మార్కు పోతుంది. థర్టీన్, థర్టీ కూడా అంతే. ఏ ముక్క మీద ఒత్తు పడిందో పట్టుకోవాలి. రోజూ రెండు నిమిషాల ఆడియో పెట్టుకుని, విన్నది విన్నట్టు రాసి, తర్వాత స్క్రిప్ట్‌తో పోల్చి చూడండి. ఎక్కడ చెవి మూసుకుపోతోందో మీకే తెలుస్తుంది. విసుగ్గా ఉంటుంది, అందుకే ఎవరూ చేయరు.

ఇక కోచింగ్ సెంటర్లు. చెల్లి చేరిన చోట "ఈ నెల ఇవే వస్తాయి" అని జవాబుల జిరాక్సులు అమ్మారు. డబ్బు కట్టించుకుని వినడం నేర్పకుండా కాగితాలిస్తే ఏం లాభం? వాళ్ళనీ పూర్తిగా అనలేం. బళ్ళో మాకు పన్నెండేళ్ళు ఇంగ్లీష్ చెప్పారు గానీ, ఒక్క పరీక్ష కూడా చెవికి పెట్టలేదు.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి, మీరు కట్టింది పేపర్ పరీక్షా, కంప్యూటర్‌దా అని. పేపర్ పరీక్ష ఉన్న చోట జవాబులు ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించుకోవడానికి చివర్లో 10 నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్‌లో సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. యూట్యూబ్‌లో చాలామంది ఆ 10 నిమిషాల లెక్కతోనే చెబుతున్నారు. కంప్యూటర్‌కి కడితే వింటూనే టైప్ చేయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి, స్పెల్లింగ్‌తో సహా.